మొక్కుబడుల దారిలో మోర్తాడ్

మాఘమాసం వచ్చేసరికి మోర్తాడ్ చుట్టుపక్కల పసుపు పనులు జోరుమీద ఉంటాయి. ఒక పక్క దుంపలు ఉడికించే పొగ, ఇంకో పక్క కళ్లాల్లో ఆరబోసిన కొమ్ముల వాసన. మేడారం జాతర జరిగే ఏడాదైతే అవే రోజుల్లో ఊరి మీదుగా పోయే 63వ నంబరు జాతీయ రహదారికి కొత్త రద్దీ తగులుతుంది. జీపులు, ఆటోలు, ట్రాక్టర్లు, డీసీఎం వ్యాన్లు, నిండు గర్భిణుల్లా కదిలే ఆర్టీసీ బస్సులు. నిజామాబాద్ వైపు నుంచి, మహారాష్ట్ర సరిహద్దు ఊళ్ల నుంచి వచ్చే ఆ బండ్లన్నీ తూర్పుకే పోతాయి. కానీ తిన్నగా మేడారం పోవు. ముందు వేములవాడ. రాజన్న గుళ్లో కోడెను కట్టి మొక్కు చెల్లించాకే సమ్మక్క, సారలమ్మల గద్దెల దగ్గరికి. 2024లో మేడారం జాతర ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగింది. వేములవాడలో మాత్రం అంతకు వారాల ముందు నుంచే జాతర రద్దీ మొదలైంది.

ఈ వరస ఎవరు పెట్టారు? ఏ శాఖా పెట్టలేదు. ఒకటి చాళుక్యుల నాటి శివక్షేత్రం, రెండోది విగ్రహం కూడా లేని అడవి తల్లుల జాతర. పూజారులు వేరు, పద్ధతులు వేరు, రెండింటికీ మధ్య నూటయాభై కిలోమీటర్ల పైచిలుకు దూరం. అయినా ముందు రాజన్న, తర్వాత వనదేవతలు అనే క్రమాన్ని భక్తులు తరతరాలుగా తమ నడకతో స్థిరం చేసేశారు. ఇవాళ మేడారం ఏర్పాట్ల గురించి ఎక్కడ మాట్లాడినా వేములవాడ రద్దీ గురించి కూడా మాట్లాడక తప్పదు. యాత్రికుడు తన కాళ్లతో వేసిన ముడి అది. అధికారులు ఆ ముడిని తర్వాత గుర్తించారంతే.

పర్యాటకం గురించి మనం మాట్లాడుకునే తీరులో ఈ సంగతి చాలావరకు తలకిందులై కనిపిస్తుంది. ముందు కాగితం మీద ఒక సర్క్యూట్ గీస్తారు, దానికో పేరు పెడతారు, బోర్డులు పాతుతారు. జనం ఆ గీత మీదే నడుస్తారని ఆశిస్తారు. నిజానికి జనం అప్పటికే ఎటో నడుస్తూ ఉంటారు. ఒక మనిషి ఒకే ప్రయాణంలో ఏ రెండు చోట్లకు పోతున్నాడో ఆ రెండూ ఇరుగుపొరుగు. పటంలో పక్కపక్కనే ఉన్నా, యాత్రికుడు కలిపి చూడని చోట్ల మధ్య సహకారం ఎంత చెప్పినా నిలవదు. అతను కలిపి చూసే చోట్లు మాత్రం, ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఒకదాని మంచిచెడ్డలు ఇంకొకటి పంచుకోవలసిందే.

మోర్తాడ్‌లో నిలబడి చూస్తే ఈ విషయం తేలిగ్గా అర్థమవుతుంది. పడమటికి సుమారు ఇరవై కిలోమీటర్లు పోతే ఆర్మూర్, అక్కడి నల్లరాళ్ల నవనాథ సిద్ధులగుట్ట. ఇంకా ముందుకు పోతే నిజామాబాద్, ఆ పైన గోదావరి ఒడ్డున బాసర. వాయవ్యంగా పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్. 1963 జులై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్టకు 42 గేట్లు. వానాకాలంలో గేట్లు ఎత్తారని తెలిస్తే చాలు, ఆ ఆదివారం పిల్లాపాపలతో జనం కట్ట మీదే ఉంటారు. దక్షిణాన భీంగల్ దగ్గర లింబాద్రిగుట్ట నరసింహుడు. తూర్పున మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల దాటితే ఒక చేతికి కొండగట్టు అంజన్న, ఇంకో చేతికి ధర్మపురి. కోరుట్ల నుంచి రుద్రంగి మీదుగా దిగితే వేములవాడ. ఈ చోట్లలో దేనికి పోవాలన్నా మోర్తాడ్ వాళ్లకు ఇంటిముందు రోడ్డే ఆధారం.

గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన మనిషి ఇంటిని గమనించండి. ఈ మండలంలో అలాంటి ఇళ్లకు కొదవలేదు. దిగిన వారం లోపే ఒక బండి మాట్లాడతాడు. తెల్లవారుజామున సద్ది కట్టుకొని బయల్దేరితే మొదట కొండగట్టు, తర్వాత వేములవాడ. ఓపిక ఉంటే ధర్మపురిలో గోదావరి స్నానం. బిడ్డకు అక్షరాభ్యాసం ఉంటే ఇంకో రోజు బాసర, వస్తూ వస్తూ పోచంపాడు కట్ట మీద చేపల వేపుడు. తిరిగి విమానం ఎక్కేముందు మళ్లీ అంజన్నకు ఒక దండం. అతని లెక్కలో ఇదంతా ఒకే తీర్థం. ప్రభుత్వ లెక్కలో మాత్రం నాలుగు జిల్లాలు. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడ్డాక బాసర నిర్మల్‌కు, కొండగట్టు, ధర్మపురి జగిత్యాలకు, వేములవాడ రాజన్న సిరిసిల్లకు చేరాయి. పోచంపాడు, లింబాద్రి నిజామాబాద్‌లో ఉండిపోయాయి. పాలన దగ్గరవడానికి చేసిన పని అది, దాని మేలు దానికి ఉంది. కానీ ఏ జిల్లా పర్యాటక ప్రణాళిక చూసినా సరిహద్దు రాయి దగ్గర ఆగిపోతుంది. యాత్రికుడి బండి ఆ రాయి దగ్గర ఆగదు.

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక ఈ కదలిక రూపమే మారిపోయింది. ఇంతకుముందు తీర్థయాత్ర అంటే ఇంట్లో మగవాళ్లు కుదుర్చుకోవలసిన వ్యవహారం. బండి కిరాయి, డ్రైవరు భోజనం, ఖర్చు లెక్క. ఇప్పుడు పసుపు కళ్లం పని ముగిసిన నలుగురైదుగురు కలిసి తెల్లారేసరికి బస్టాండుకు వస్తున్నారు. ఒకామెకు మోకాళ్ల నొప్పి, ఇంకొకామె చేతిలో సద్ది గిన్నె, మరొకామె చంకలో మనవడు. నిజామాబాద్ నుంచి కరీంనగర్ పోయే ఎక్స్‌ప్రెస్ ఆగగానే అందరికంటే ముందు ఒక గొంతు వినిపిస్తుంది. ‘‘అక్కా, గీ బస్సు కొండగట్టు మీదికెల్లి పోతదా?’’ అడిగింది మహిళా కండక్టర్‌నే. ‘‘గుట్ట కింద దింపుతం, పైకి ఆటోలుంటయి, ఎక్కుండ్రి’’ అంటుందామె. జీరో టికెట్లు చింపి ఇస్తుంది. ఆ నలుగురూ కొండగట్టు చూసుకొని అక్కడి నుంచి ఇంటికే వస్తారా, వేములవాడ కూడా పోతారా అన్నది అప్పటికి ఎవరికీ తెలియదు. దర్శనం ఎంతసేపట్లో అవుతుందో దాన్నిబట్టి ఉంటుంది.

అసలు సంగతంతా ఆ ‘ఎంతసేపు’లోనే ఉంది. ఒక్కరోజు తీర్థానికి యాత్రికుడి చేతిలో ఉండేది పొద్దున ఐదు నుంచి రాత్రి తొమ్మిది దాకా ఉన్న సమయం. కొండగట్టులో వరస గంటలో కదిలితే వేములవాడకు బస్సు దొరుకుతుంది. మూడు గంటలు పడితే వేములవాడ ఆ రోజుకు లేనట్టే. నష్టం రాజన్న హుండీకి మాత్రమే అనుకుంటే పొరపాటు. అక్కడ కొబ్బరికాయలు అమ్ముకునే ఆమెకు, తల వెంట్రుకలు తీసే మంగలి అన్నకు, రూములు అద్దెకిచ్చే ఇంటాయనకు, తిరుగు దారిలో కోరుట్లలో చాయ్ హోటల్‌కు, అందరికీ ఆ రోజు కొంత తగ్గుతుంది. మధ్యాహ్నం తలుపులు మూసే వేళకు చేరినవాళ్లు మండపంలో కూర్చొని కడుపు మాడ్చుకుంటారు. ఒక గుడి వరస ఇంకో గుడి బజారును శాసిస్తుంది. అందువల్ల ఈ క్షేత్రాలు ఒకదానికొకటి పోటీ అనుకోవడం తప్పు. భక్తుడు ఎక్కడ తొందరగా, హాయిగా దర్శనం చేసుకున్నా పక్క క్షేత్రానికి మేలే.

బాసర, కొండగట్టు, ధర్మపురి, వేములవాడ, ఈ నాలుగూ దేవాదాయ శాఖ చేతిలోనివే. నాలుగింటికీ వేరువేరుగా కార్యనిర్వహణాధికారులు ఉన్నారు. ఇవాళ కొండగట్టులో జనం పోటెత్తారని వేములవాడ బస్టాండులో ఎక్కిన మనిషికి ఎవరైనా చెప్పే ఏర్పాటు ఉంటే ఎంత బాగుండేది! ధర్మపురి గోదావరిలో స్నానఘట్టం దగ్గర నీళ్లు ఏ మాత్రం ఉన్నాయో జగిత్యాలలో బస్సు మారేవాళ్లకు తెలిస్తే చాలు, ముసలివాళ్లకు ఒక పూట శ్రమ తప్పుతుంది. పెద్ద నిధులు అక్కర్లేని పనులివి. ఒకరి సంగతి ఒకరు కనుక్కోవాలన్న పట్టింపు కావాలి.

ఆ పట్టింపు మన పల్లెలకు తెలియనిది కాదు. చైత్ర పౌర్ణమికి కొండగట్టులో చిన్న జయంతి. హనుమాన్ దీక్ష తీసుకున్న స్వాములు కాషాయం కట్టి ఈ రోడ్డు మీదే కాలినడకన పోతారు. చైత్రం ఎండలకు తారు మెత్తబడే రోజులు. పగలు నడవలేక ఎక్కువగా చల్లపొద్దులో, రాత్రుళ్లు నడుస్తారు. దారిలో ఏదో ఒక ఊళ్లో ఎవరో ఒకరు భిక్ష పెడతారు. మామిడి తోటలోనో, హనుమాన్ గుడి అరుగు మీదో చాపలు పరిచి, రంజన్ల నిండా నీళ్లు పోసి, అన్నం వండించి ఉంచుతారు. ఎండ తగ్గాక స్వాములు లేవగానే ఆ ఇంటాయన చేసే మొదటి పని ముందు ఊళ్లోని తెలిసినవాళ్లకు ఫోను చేయడం. ‘‘ఇక్కడి నుంచి నలభై మంది బయలెల్లిండ్రు. ఇద్దరికి కాళ్లు బొబ్బలెక్కినయి, జర చూసుకోండ్రి.’’ పర్యాటక సహకారం మీద ఎన్ని సదస్సులు పెట్టినా ఈ ఫోను మాట కంటే పనికొచ్చే సూత్రం దొరకదని నా నమ్మకం. ఎంతమంది వస్తున్నారు, ఎప్పటికి చేరతారు, వాళ్లలో ఎవరికి ఏం కావాలి. వెనకటి మజిలీ ముందటి మజిలీకి చెప్పవలసిన మూడు సంగతులూ అందులో ఉన్నాయి.

ఆంధ్రప్రదేశ్‌లో పంచారామాలు ఇలాంటి కలయికకు మంచి ఉదాహరణ. అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట. ఐదు శివాలయాలు, ఐదు ఊళ్లు. కార్తీక సోమవారం నాడు ఒక్క రోజులో ఐదూ చూడాలన్న కోరిక భక్తులది. ఆ కోరిక వెంట ఆర్టీసీ నడిచింది. ఆదివారం సాయంత్రం బయల్దేరి సోమవారానికి ఐదు దర్శనాలు పూర్తయ్యేలా ప్రత్యేక బస్సులు వేసింది. మన తెలంగాణ ఆర్టీసీ కూడా 2023 గురుపౌర్ణమికి అరుణాచలం గిరిప్రదక్షిణ బస్సులు వేసినప్పుడు దారిలోని కాణిపాకం వినాయకుణ్ని, వేలూరు స్వర్ణ దేవాలయాన్ని కలుపుకుంది. నమ్మకం ఒక్కోసారి దారిని తెంచుతుంది కూడా. శ్రీకాళహస్తి దర్శనం అయ్యాక ఇంకే గుడికీ పోకుండా నేరుగా ఇంటికి పోవాలని చాలామంది పట్టింపు. ఆ పట్టింపు తెలియకుండా కాళహస్తిని మొదట పెట్టి యాత్ర తయారుచేస్తే బస్సు ఖాళీగానే తిరుగుతుంది. యాత్రికుడి మనసు తెలిసినవాడే దారి వేయగలడు.

స్పెయిన్‌లో సంత్ యాకోబు సమాధి ఉన్న సాంతియాగో పట్టణానికి పోయే కాలిబాట కూడా ఈ తరహాదే. మధ్యయుగాల నుంచి యూరప్ నలుమూలల యాత్రికులు నడిచిన దారులవి. 1987లో యూరప్ మండలి ఆ బాటలను తన మొదటి సాంస్కృతిక మార్గంగా ప్రకటించింది. నడిచేవాళ్ల దగ్గర ఒక చిన్న పుస్తకం ఉంటుంది. ప్రతి మజిలీలో సత్రం, చర్చి, ఒక్కోచోట చాయ్ దుకాణం కూడా అందులో తమ ముద్ర వేస్తాయి. ఆ ముద్రల వల్ల పెద్ద చర్చికి ఎంత విలువో మధ్యలోని పేరులేని పల్లెకూ అంతే విలువ దక్కుతుంది. పల్లెలో ఒక రాత్రి ఆగకుండా యాత్ర పూర్తి కాదు మరి. మన దారుల్లో మజిలీలు లేకుండా పోయాయి. బండ్లు వేగం పెరిగాక మధ్య ఊళ్లు కిటికీలోంచి వెనక్కి పరుగెత్తే బోర్డులుగా మిగిలాయి.

అలా మిగలనని మొండికేసిన ఊరు ఒకటి మన పక్కనే ఉంది. నిజామాబాద్ నుంచి ఆర్మూర్ వచ్చే దారిలో అంకాపూర్. అక్కడ పేరున్న గుడి లేదు, కోట లేదు, జలపాతం లేదు. నాటుకోడి కూర ఉంది. కాల్చిన మక్కకంకులు ఉన్నాయి. విత్తన పంటలతో, ఆడవాళ్లు నడిపే బజారుతో కష్టపడి పైకొచ్చిన ఊరు. బాసర పోయేవాళ్లు, పోచంపాడు పోయేవాళ్లు ముందే ఫోను చేసి కూర చెప్పి ఉంచుకుంటారు. హైదరాబాద్‌కు పార్సిళ్లు పోతాయి. యాత్రికుడి దారిలో ఉండటాన్నే ఆ ఊరు తన ఆస్తిగా మలుచుకుంది. బాసర నుంచి, పోచంపాడు నుంచి ఎవరూ అంకాపూర్‌తో ఒప్పందం రాసుకోలేదు. ముగ్గురినీ కలిపింది ఆకలితో ఉన్న ప్రయాణికుడే.

మోర్తాడ్‌కు అంతకంటే మిన్న అయినది ఉంది. పసుపు. ఈ ప్రాంతంలో చుట్టూ ఉన్న ప్రతి దేవుడికీ పసుపు కావాలి. గడపకు పసుపు, బోనానికి పసుపు, మల్లన్నకు బండారి, అమ్మవారి ముఖానికి పసుపు. తీర్థం పోయిన ప్రతి ఆడబిడ్డా గుడి ముందు పసుపు కుంకుమ పొట్లం కొనకుండా రాదు. ఆ పొట్లం విప్పి చూడండి. ఏ ఊరి పసుపో, ఎన్నడు ఆడించిందో దాని మీద రాసి ఉండదు. దాన్ని కొన్న ఆడబిడ్డ ఎక్కి వచ్చిన బస్సు మాత్రం రెండు పక్కలా పసుపు కళ్లాల మధ్య నుంచే వచ్చింది. ఉడికించి, ఎండబెట్టి, నునుపు పట్టించిన కొమ్ము బస్తాలకెక్కి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పోతుంది. కాడికి ఒక ధర, గోలకు ఒక ధర. వ్యాపారి చేతిలో విరిచి చూసి రంగు బాగుంటే ఒక మాట, తేమ ఉంటే ఇంకో మాట. అక్కడి నుంచి ఎటు పోయిందో రైతుకు తెలియదు.

2025 సంక్రాంతినాడు, జనవరి 14న, జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. ఏళ్ల తరబడి రైతులు చేసిన పోరాటం తర్వాత వచ్చిన బోర్డు అది. ఎగుమతుల గురించి, ధర గురించి దాని ముందు చాలా పని ఉంది. ఆ పనుల మధ్య ఈ చిన్న పని కూడా చేర్చుకోవాలని మనవి. ఈ చుట్టుపక్కల పెద్ద గుళ్ల ముందు, వాటికి పోయే దారిలోని బస్టాండుల్లో, ఊరి పేరు రాసిన శుద్ధమైన పసుపు పొట్లం మహిళా సంఘాల చేతుల మీదుగా అమ్మే ఏర్పాటు చేయాలి. దేవాదాయ శాఖ చోటిస్తే, ఆర్టీసీ గోడ ఇస్తే, సంఘాలు సరుకు తెస్తాయి. మొక్కు చెల్లించడానికి పోయిన మనిషి చేతికి కళ్లంలోని పసుపు చేరడానికి అంతకంటే దగ్గర దారి లేదు.

ఇక్కడ ఒక భయం కూడా చెప్పుకోవాలి. ఆర్మూర్ నుంచి మంచిర్యాల దాకా ఈ రహదారిని నాలుగు వరుసలు చేయాలన్న ప్రతిపాదన ఉంది. రోడ్డు వెడల్పయితే ప్రమాదాలు తగ్గుతాయి, అంబులెన్సు వేగంగా పోతుంది, మంచిదే. కానీ ఊళ్లను పక్కన వదిలేసి బైపాసులు పోతే తీర్థానికి పోయేవాళ్ల బండి ఇక మోర్తాడ్ బస్టాండు ముఖం చూడదు. దిగే చోటు, ఎక్కే చోటు, నీళ్లు తాగే చోటు ఎక్కడ ఉండాలో రోడ్డు గీసేటప్పుడే అడగాలి. గీసేశాక అడిగితే ఎవరి చెవికీ ఎక్కదు.

అన్ని చోట్లకూ ఎక్కువ జనం రావాలని కూడా నేను అనడం లేదు. లింబాద్రిగుట్టకు కార్తీకంలో జాతర జనం వస్తారు, మిగతా రోజుల్లో గుట్ట ప్రశాంతంగా ఉంటుంది. ఆ ప్రశాంతత కోసమే పోయేవాళ్లున్నారు. ధర్మపురిలో పెద్ద నరసింహుడు ఉన్నాడు కాబట్టి లింబాద్రి నరసింహుణ్ని కూడా ధర్మపురి చేసేద్దామనుకుంటే రెండూ చెడతాయి. ఎవరి దగ్గర ఎంతమందికి చోటుందో, ఎంతమందితో ఆ చోటు అందం నిలుస్తుందో ఒకరికొకరు చెప్పుకోవడం, నిండిన చోటి నుంచి ఖాళీగా ఉన్న చోటికి దారి చూపడం కూడా సహకారమే.

ఆ అవసరం మనకు తరుముకొస్తోంది. 2015 జులై 14 నుంచి 25 వరకు జరిగిన గోదావరి పుష్కరాలు గుర్తున్నవాళ్లకు మధ్యలో వచ్చిన శని, ఆదివారాలు కూడా గుర్తుండే ఉంటాయి. హైదరాబాద్ నుంచి పోచంపాడు, బాసర, ధర్మపురి వైపు కదిలిన వాహనాలతో రోడ్లు నిండిపోయాయి. పిల్లలు, ముసలివాళ్లు కార్లలో గంటల తరబడి కూర్చున్నారు. అదే పుష్కరాల మొదటి రోజు రాజమండ్రిలో, అందరూ ఒకే ఘాట్‌కు చేరుకోవడం వల్ల జరిగిన తొక్కిసలాటలో 27 మంది ప్రాణాలు పోయాయి. నది అంత పొడవునా ఒకటే, పుణ్యం అంతటా ఒకటే. జనం మాత్రం తెలిసిన ఘాట్‌కే పోతారు, ఇంకోటి ఉందని, అక్కడ ఖాళీ ఉందని చెప్పేవాళ్లు లేకపోతే. గోదావరి, మంజీర, హరిద్ర కలిసే కందకుర్తి మన నిజామాబాద్ జిల్లాలోనే ఉంది. బాసర నిండినప్పుడు కందకుర్తికి, పోచంపాడు నిండినప్పుడు దిగువన ఉన్న ఘాట్లకు జనాన్ని మళ్లించాలంటే నాలుగు జిల్లాల వాళ్లు ఒకే మాట మీద ఉండాలి. గోదావరికి మళ్లీ పుష్కరాలు 2027లో.

కాబట్టి ఈ ఏడాదే ఒక కూర్చునే పని జరగాలి. నాలుగు జిల్లాల కలెక్టర్లు, నాలుగు క్షేత్రాల అధికారులు, ఆర్మూర్, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, వేములవాడ డిపోల మేనేజర్లు, శ్రీరాంసాగర్ ఇంజనీర్లు, పోలీసులు. వాళ్లతోపాటు హనుమాన్ స్వాములకు భిక్ష పెట్టే పల్లెల పెద్దలు, మహిళా సంఘాల అక్కలు. జిల్లా కేంద్రంలో కాకుండా ఈ దారి మధ్యలో, మోర్తాడ్‌లోనే కూర్చుంటే ఇంకా మంచిది. కూర్చున్నవాళ్లకు బయట పోయే బండ్లు కనిపిస్తాయి. మొదటి రోజు తేల్చవలసినవి రెండే. ప్రతి క్షేత్రంలో రద్దీ సంగతి చెప్పే ఒక మనిషి, ఒక ఫోను నంబరు. ఆ నంబర్లన్నీ ఆర్మూర్ నుంచి ధర్మపురి దాకా ప్రతి బస్టాండు గోడ మీద, చదువు తక్కువైనవాళ్లు కూడా చూడగలిగేంత పెద్ద అక్షరాల్లో.